జోడీ కోసం మూడు ఊళ్ళు

నేను టెన్నిస్ ఆడి బతుకుతాను. ఈ మాట అనగానే అవతలివాళ్ళు నా మొహంలోకి తేరిపార చూస్తారు, టీవీలో ఎప్పుడైనా కనిపించానా అని. కనిపించి ఉండను. టీవీలో వచ్చే ఆటగాళ్ళు మేడ మీద కాపురం ఉంటే మేం మెట్ల కింద ఉంటాం. ఎవరూ పేరు వినని ఊళ్ళలో చిన్న చిన్న టోర్నమెంట్లు, బంతులు మేమే ఏరుకోవడం, బట్టలు బాత్‌రూములో ఉతుక్కోవడం, ఓడిన సాయంత్రమే ఇంకో ఊరికి ప్రయాణం. ఇదీ మా వైభవం. మాది కర్నూలు. నా పేరు ఓబులేసు. బయటి దేశాల్లో ఆ పేరు పలకలేక అంపైర్లు పడే అవస్థ చూస్తే నాకే జాలేస్తుంది.

నేను ఎక్కువగా ఆడేది డబుల్స్. నా జోడీ ఖాజా, తెనాలివాడు, ఎడమచేతివాటం. ఎనిమిదేళ్ళుగా కలిసి ఆడుతున్నాం. మొన్న చలికాలంలో కొత్త ర్యాంకులు వచ్చిన రోజున నేను మంచం మీంచి ఒక్క గెంతు గెంతాను. డబుల్స్‌లో ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు. ఇన్నేళ్ళుగా మేం గుమ్మం బయట నిలబడి చూస్తున్న పై మెట్టు టోర్నమెంటు ఒకటుంది. ఆ కూడిక మొదటిసారి మమ్మల్ని అందులోకి రానిచ్చేట్టు ఉంది. పేర్లివ్వడానికి వచ్చే సోమవారం మధ్యాహ్నం వరకే గడువు. ఇద్దరూ ఒప్పుకుంటేనే పేర్లు వెళ్తాయి. ఖాజా బదులు నేను ఎవర్ని తెచ్చుకున్నా ఆ కూడిక చాలదు.

ఖాజాకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ ఎత్తలేదు. చివరికి ఒక మెసేజ్ వచ్చింది: "నువ్వు ఇంకెవర్నైనా చూసుకో అన్నా." ఆ తర్వాత ఫోన్ స్విచాఫ్. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు చూసి, శుక్రవారం రాత్రి రాకెట్ల సంచీ భుజాన వేసుకుని రైలెక్కాను. ఎన్నో దేశాలు తిరిగిన వాణ్ణి గానీ కృష్ణా డెల్టాలో కాలు పెట్టడం అదే మొదలు.

తెనాలి: పరుపు మీద

తెనాలిలో దిగగానే నన్ను ఆశ్చర్యపెట్టింది నీళ్ళు. మా వైపు నీళ్ళున్న చోటికి మనుషులు వెళ్తారు. ఇక్కడ ఊరి మధ్య నుంచి కాలువలే మనుషుల్ని పలకరిస్తూ పోతున్నాయి. రెండోది, 'అండి' అనే మాట. టీ కొట్టులో "టీ ఉందా?" అంటే "ఉందండి", "చక్కెర తక్కువ వేయి" అంటే "అలాగేనండి", చిల్లర ఇచ్చేటప్పుడు "ఇదిగోండి". టీ ధర మా ఊళ్ళో ఉన్నంతే. మర్యాద మాత్రం ఉచితం.

ఖాజా వాళ్ళది పరుపుల దుకాణం. వాళ్ళ నాన్న మస్తాన్ గారు నన్ను చూడగానే కుట్టు పక్కన పెట్టి లేచారు.

"ఖాజాగాడి జోడీ మీరే కదా బాబూ! ఫొటోలో ఇలాగే ఉన్నారు. కాస్త నల్లబడ్డారంతే."

"ఖాజా ఏడీ?"

"వాడా? బాపట్ల పోయాడండి, ఏదో క్లబ్బులో పోటీ ఉందని. ముందు మీరు కూర్చోండి. కర్నూలంటే తక్కువ దూరమా ఏంటి!"

లోపలికి ఉర్దూలో ఒక కేక వేశారు. నేతిలో వేయించిన సేమియా వచ్చింది. దాని వెనకే ఆకులో పొట్లం కట్టిన బెల్లం జిలేబీ వచ్చింది. నేను అంతవరకూ జిలేబీ అంటే ఎర్రగా, తీగలా ఉంటుందనుకునేవాణ్ణి. ఇది నల్లగా, లావుగా, బెల్లం పాకం ఓడుతూ ఉంది. ఒకటి తిని రెండోది వద్దన్నాను. వద్దన్న మాట నోట్లో ఉండగానే మూడోది అయిపోయింది.

"వాడికి ఏమైంది మస్తాన్ గారూ? ఆడనంటున్నాడు" అన్నాను.

ఆయన కాసేపు దారం వేలికి చుట్టుకున్నారు. "ఏమోనండి. వాడు ఓడిపోయి వచ్చిన రోజు మేం ఏమీ అడగం. అడిగితే బాధపడతాడని వాళ్ళమ్మ నా నోరు నొక్కేస్తుంది. కూర ఎలా ఉందిరా అంటాం, అంతే."

రైలుకి ఇంకా టైముంది, కాసేపు నడుం వాల్చమని కొత్త పరుపు చూపించారు. రాత్రంతా కూర్చుని వచ్చానేమో, తల ఆనించగానే నిద్రపట్టేసింది. మెలకువ వచ్చేసరికి ఎవరో భార్యాభర్తలు నా కాళ్ళ దగ్గర నిలబడి బేరమాడుతున్నారు.

"పరుపు మెత్తగా ఉంటుందా అని నన్ను అడుగుతారేంటమ్మా, ఆయన్ని అడగండి" అంటున్నారు మస్తాన్ గారు. "దేశాలు తిరిగిన టెన్నిస్ ఆటగాడండి. ఎలా పడుకున్నాడో చూడండి, ఉలుకూ పలుకూ లేదు!"

ఆ పరుపు అమ్ముడుపోయింది. నా రైలు వెళ్ళిపోయింది. నా జీవితంలో మొదటి వాణిజ్య ప్రకటన అలా ఉచితంగా చేసిపెట్టి, తర్వాతి రైల్లో బాపట్ల బయలుదేరాను.

బాపట్ల: ఉన్ని బంతి

బాపట్ల క్లబ్బుకి చేరేసరికి సాయంత్రమైంది. టెన్నిస్ కోర్టు ఖాళీ. పక్కన మట్టి కోర్టులో మాత్రం పెద్ద సందడిగా ఉంది. అయిదుగురు ఇటు, అయిదుగురు అటు నిలబడి పచ్చటి ఉన్ని బంతిని చిన్న రాకెట్లతో బాదుతున్నారు. బాల్ బ్యాడ్మింటన్. పేరు వినడమే గానీ ఎప్పుడూ ఆడలేదు. అందరిలోకీ గట్టిగా అరుస్తున్నది చీర కొంగు బిగించి దోపిన ఒక పెద్దావిడ. రిటైరైన డ్రిల్లు టీచరట, రాజ్యలక్ష్మి గారు.

"ఖాజా కోసమా? పొద్దున్నే ఫైనల్ గెలిచి మధ్యాహ్నం రేపల్లె వెళ్ళిపోయాడయ్యా. రేపు అక్కడ పోటీ" అన్నారామె. నా మొహం వాడిపోవడం చూసి, "ఆ సంచీ నిండా రాకెట్లే కదా? ఊరికే మోయడం ఎందుకు, రా, ఇప్పుడే ఒకరు ఇంటికెళ్ళి మాకు తక్కువయ్యారు" అని ఒక చిన్న రాకెట్ నా చేతిలో పెట్టారు.

నేను జంకలేదు. ఇరవై ఏళ్ళుగా నా చేతిలో రాకెట్ ఉంది. తీరా ఆ ఉన్ని బంతి నేను అనుకున్న చోట ఒక్కసారీ లేదు. నేలని తాకకముందే కొట్టాలి, అదేమో గాలిలో తనిష్టం వచ్చినట్టు పోతుంది. రాజ్యలక్ష్మి గారు అవతల నిలబడి ప్రతి బంతీ నాకే పంపారు. ఓటమి నాకు కొత్త కాదు గానీ, అమ్మమ్మ వయసావిడ చేతిలో ఇంత హాయిగా ఎప్పుడూ ఓడలేదు.

ఆట అయ్యాక వేయించిన వేటపాలెం జీడిపప్పు డబ్బాలోంచి గుప్పెడు తీసి నా చేతిలో పోశారు. అప్పుడు చెప్పారు అసలు సంగతి.

"నువ్వు వచ్చింది వాణ్ణి తీసుకెళ్ళడానికైతే తొందరగా వెళ్ళు నాయనా. రేపల్లె క్లబ్బువాళ్ళు కోచ్‌గా ఉండిపొమ్మంటున్నారు. రేపటి పోటీ అయ్యాక మాటిస్తానన్నాడట."

చేతిలో జీడిపప్పు తిరిగి డబ్బాలో పోసేశాను. "వాడు అన్నాడా?"

"అన్నాడు. వాడు ఇక్కడ ఆడుతుంటే చూడాలి నువ్వు, మనిషి వెలిగిపోతున్నాడు. మీ టోర్నమెంట్లలో కూడా అలాగే ఉంటాడా?"

నేను ఆలోచించాను. ఉండడు. ఈ మధ్య గెలిచినప్పుడు కూడా ఉండడం లేదు.

ఆ రాత్రికి బస్సు లేదన్నారు. మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి సూర్యలంక వెళ్ళి సముద్రం చూశాను. సముద్రం పక్కనున్న ఎన్ని ఊళ్ళలో ఆడానో లెక్కలేదు గానీ, కోర్టు, గది, బస్‌స్టాండు తప్ప ఏదీ చూసిన పాపాన పోలేదు. ఇక్కడ మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాను. పక్కనే వల లాగుతున్న ఒకాయన "మొదటిసారా తమ్ముడూ?" అని నవ్వాడు. అవునన్నాను. చెప్పుల్లో ఒకటి అల తీసుకుపోయింది, రెండోది నేనే దానికి ఇచ్చేశాను.

దారిలో

టెన్నిస్ బూట్లు వేసుకుని రేపల్లె బస్సెక్కాను. దారి పొడుగునా కోతలకొచ్చిన వరి. మాకు జొన్న చేను అలవాటు. అది ఎత్తుగా నిలబడి మనల్ని చూస్తుంది. ఇక్కడ కంటికి అడ్డం లేకుండా పసుపు రంగు పరుచుకుని ఉంది. నా పక్కన కూర్చున్న మామ్మ నా సంచీని తడిమి చూసింది.

"ఏం వాయిద్యం నాయనా?"

"వాయిద్యం కాదవ్వా, టెన్నిస్ రాకెట్లు."

"మీది సీమ కదూ, అవ్వ అంటున్నావు. ఆటకి ఇంత సంచీయా? మా ఊళ్ళో సన్నాయి మేళం మొత్తం ఇందులో పట్టుద్ది." వెనక సీటు వాళ్ళకి కూడా చెప్పింది. "ఆటగాడంట! టీవీలో వస్తావా మరి?"

"రానవ్వా."

"మరి నువ్వు ఆడుతున్నట్టు ఎవరికి తెలుసుద్ది?"

ఆవిడ నా భుజం తట్టి ఒక జామకాయ ఇచ్చింది.

రేపల్లె: చీటీల జోడీ

రేపల్లె క్లబ్బులో ఖాజా కోర్టు మీద నీళ్ళు చల్లుతూ కనిపించాడు. నన్ను చూడగానే చేతిలో గొట్టం వదిలేశాడు, నీళ్ళు వాడి బూట్ల మీదే పడుతున్నాయి.

"అన్నా!" అని వచ్చి కావలించుకున్నాడు. అంతలోనే వెనక్కి తగ్గి, "నేను రానన్నా. ముందే చెప్పేస్తున్నా" అన్నాడు.

"రేపు మధ్యాహ్నం దాకా గడువుంది. అప్పటిదాకా నీ వెనకే తిరుగుతా."

వాడు ఏదో అనబోయేలోపే మైకులో పిలుపు వచ్చింది. ఇక్కడి పోటీ పద్ధతి నాకు తెలిసిన ఏ పద్ధతీ కాదు. జోడీలు మనం ఎంచుకోకూడదు. ఒక స్టీలు డబ్బాలో పెద్దవాళ్ళ పేర్లు, ఇంకో డబ్బాలో కుర్రవాళ్ళ పేర్లు వేసి చీటీలు తీస్తారు. నన్ను చూసి వాళ్ళకి ఉత్సాహం వచ్చి నా పేరూ వేసేశారు. నాకు డెబ్భై ఏళ్ళ కంటి డాక్టరు వెంకట్రామయ్య గారు దొరికారు. ఖాజాకి ఒక ప్లీడరు గారు. ఇంకో ఆచారం కూడా ఉంది. ఫైనల్లో ఓడిన జోడీ, గెలిచిన జోడీకి తమ చేతులతో భోజనం వడ్డించాలి.

మొదటి మ్యాచ్‌లోనే నేను పరువు పోగొట్టుకున్నాను. అవతల ఒక పెద్దాయన వల దగ్గర నిలబడి ఉంటే, పైకి లేచిన బంతిని అలవాటు ప్రకారం ఆయన కాళ్ళ ముందు దడేలున కొట్టాను. నేనున్న ప్రపంచంలో దానికి పాయింటు వస్తుంది. ఇక్కడ కూడా వచ్చింది గానీ, చుట్టూ కూర్చున్న జనం ఒక్కసారి మూగబోయారు. డాక్టరు గారు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు.

"ఓబులేసు గారూ, పెద్దవాళ్ళ మీద అలా కొట్టరండి ఇక్కడ. ముందు వాళ్ళకి అందేట్టు వేయాలి. వాళ్ళు ఒక దెబ్బ కొట్టుకున్నాక మీరు గెలుచుకోండి. వద్దన్నవాళ్ళెవరు?"

అందేట్టు వేసి గెలవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. కానీ ఆ పద్ధతిలో పాయింటు ఎంత పొడుగవుతుందో! ప్రతి బంతికీ జనం "ఆఁ" అని లేస్తారు, "అబ్బా" అని కూర్చుంటారు. కుర్చీలు చాలక గోడ మీద కూర్చున్నారు. మజ్జిగ ఇచ్చే ఆయన కూడా కావిడి దించి నిలబడిపోయాడు. ఇంత మంది ముందు నేను ఎప్పుడూ ఆడలేదు. నా ఒంట్లోకి ఎక్కడి నుంచో కొత్త బలం వచ్చింది. సాయంత్రం ఎండ పచ్చబడే వేళకి ఫైనల్‌కి వచ్చేశాం. అవతల ఖాజా, ప్లీడరు గారు.

ఎనిమిదేళ్ళలో నేను వాణ్ణి వలకి అవతల నుంచి చూడడం అదే మొదటిసారి. రాజ్యలక్ష్మి గారు చెప్పింది నిజం. వెలిగిపోతున్నాడు. పరిగెత్తి బంతి తీసి, అది ప్లీడరు గారు కొట్టేందుకు వీలుగా వచ్చేట్టు చేసి, ఆయన కొట్టాక ఆయన కంటే ముందు తనే గెంతుతున్నాడు. నాకు అసూయ వేసింది, దాచుకోవడం ఎందుకు.

ఆట ఆఖరికి వచ్చింది. ఇంకొక్క పాయింటు ఎవరికొస్తే వాళ్ళదే కప్పు. బంతి గాలిలోకి లేచి సరిగ్గా వల మీదికి దిగుతోంది. నాకు అందుతుంది, కొడితే అయిపోతుంది. అప్పుడు ఖాజా పరిగెత్తుకొస్తూ తన ప్లీడరు గారితో "నాది!" అని అరిచాడు.

నేను రాకెట్ దించేసి పక్కకి తప్పుకున్నాను.

ఆ గొంతు "నాది" అంటే పక్కకి తప్పుకోవడం నాకు ఎనిమిదేళ్ళుగా ఉన్న అలవాటు. వాడు ఎటు పక్క ఉన్నాడో నా కాళ్ళకి తెలియలేదు. బంతి మా వైపే, నా కళ్ళ ముందే, మెత్తగా నేలని తాకింది. ఒక క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. గోడ మీదున్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక కిందికి దిగారు. డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఖాజా కూడా నవ్వాడు, నవ్వి నవ్వి కోర్టు మధ్యలో కూలబడ్డాడు. లేచేసరికి వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. నవ్వినవేనని నేను అనుకున్నాను.

వడ్డన

ఓడాం కాబట్టి వడ్డించాం. వేడన్నం, రొయ్యల వేపుడు, కొర్రమీను పులుసు, గోంగూర. డాక్టరు గారు ప్లీడరు గారికి, నేను ఖాజాకి. వాడు చాలన్నా నేను అన్నం వేస్తూనే ఉన్నాను.

"ఎందుకు రావో చెప్పు. చెప్పేదాకా వడ్డిస్తా."

వాడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కడ మన ఆట చూసేదెవరన్నా? నువ్వు, నేను, అవతల ఇద్దరు. కుర్చీలో ఒకాయన, ఆయన జీతం కోసం కూర్చుంటాడు. గెలిస్తే మనిద్దరం చేతులు కొట్టుకుంటాం. ఓడితే సంచీ సర్దుకుంటాం. ఎందుకు ఓడావురా అని అడిగినవాడు ఒక్కడు లేడు. ఇంట్లో కూడా అడగరు. ఇక్కడ పోయిన వారం రెండు సర్వీసులు తప్పితే కూరగాయలాయన నన్ను బజార్లో ఆపి తిట్టాడన్నా. ఎంత బావుందో నీకు చెప్పలేను."

వాణ్ణి ఒప్పించడానికి రైల్లో సిద్ధం చేసుకున్న మాటలన్నీ ర్యాంకుల గురించే. ఒక్కటీ పనికొచ్చేట్టు లేదు.

మా మాటలు విన్నారేమో, డాక్టరు గారు చారు గిన్నె కింద పెట్టారు. "మీ ఆట మేం చూడాలంటే ఎలాగండి?"

"ఈసారి టోర్నమెంటుని ఫోన్లో చూపిస్తారండి. ఎవరూ చూడరనుకోండి" అన్నాడు ఖాజా.

"ఎవరూ చూడరని మీరే అనేసుకుంటే ఎలా? ఫలానా రోజు ఆడుతున్నాం, చూడండి అని మాతో ఎప్పుడన్నా అన్నారా?"

ఖాజా నా వైపు చూశాడు. నేను ఖాజా వైపు చూశాను. మేం ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఓడిపోతాం కదా, చెప్పడం ఎందుకని.

"పొద్దున రైలు దగ్గర చెప్తానన్నా" అన్నాడు ఖాజా చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.

తిరుగు రైలు

రేపల్లెలో రైలు పట్టాలు అయిపోతాయి. అక్కడి నుంచి రైలు వెనక్కి రావలసిందే. నేను తొందరగా వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాను. ప్లాట్‌ఫాం మీద ప్రతి తలా ఖాజా తలలాగే ఉంది. గార్డు జెండా ఊపాడు. రైలు కదిలింది. ఖాజా రాలేదు.

నేను తల పట్టుకుని కూర్చున్నాను. భట్టిప్రోలు వచ్చేలోపు ఎవరో నా కాలు తొక్కారు. తలెత్తితే వాడు. చేతిలో టిఫిన్ క్యారియర్, భుజాన రాకెట్లు.

"వెనక పెట్టె ఎక్కానన్నా. కోచ్ పని సంగతి తర్వాత చూద్దామని క్లబ్బువాళ్ళకి చెప్పొచ్చా. డాక్టరు గారి భార్య పెసరట్లు పోసేదాకా కదలనివ్వలేదు."

"వస్తున్నావా?"

"ఫోనివ్వు. సిగ్నల్ పోకముందే పంపేద్దాం."

భట్టిప్రోలులో కోతలకి వెళ్ళే ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని ఎక్కుతుండగా మా ఇద్దరి పేర్లూ వెళ్ళిపోయాయి. నేను గట్టిగా కేక పెట్టాను. వాళ్ళలో ఒకావిడ ఉలిక్కిపడి "ఏంటి బాబూ, ఏమైంది?" అంది. పెసరట్టు పెట్టాను.

ఆ తర్వాత

టోర్నమెంటుకి వెళ్ళాం. ఆఖరి జోడీగా చోటు దక్కింది. మొదటి రౌండులోనే అందరికంటే పెద్ద ర్యాంకు జోడీ తగిలింది. బాగానే ఆడాం, అయినా ఓడిపోయాం. చూడ్డానికి ఆ మైదానంలో ముగ్గురున్నారు, ఒకరు నిద్రపోతున్నారు.

ఎప్పటిలాగే సంచీ సర్దుకుంటుంటే ఖాజా ఫోన్ మోగింది. వీడియోలో రేపల్లె క్లబ్బు పేకాట గది. గది నిండా తలకాయలే. ముందు వరసలో డాక్టరు గారు, ఆయన పక్కన బాపట్ల నుంచి వచ్చిన రాజ్యలక్ష్మి గారు, ఆ వెనక ఎవరి భుజం మీంచో తొంగి చూస్తూ మస్తాన్ గారు. ఆయన దుకాణం మూసేసి మరీ వచ్చారు.

"ఒరేయ్ ఖాజా!" అరిచారు మస్తాన్ గారు. "రెండో సెట్టులో గెలిచే దాన్ని ఎందుకు వదిలేశార్రా? ఏమైంది నీకు?"

ఖాజా బెంచీ మీద కూర్చుని, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, "అది కాదబ్బా, గాలి ఎదురుగా ఉంది" అని మొదలుపెట్టాడు. సంజాయిషీ అరగంట చెప్పాడు. మధ్యలో నేనూ అందుకున్నాను. అటువైపు ఒక్కరూ ఒప్పుకోలేదు.